నాలుగో బల్ల మీద రెండు పేర్లు

నాచారం,
3 నవంబర్ 2025

చెల్లె మరియమ్మకు,

ప్రభువు పేరున వందనాలు. ముందు నా రాతను క్షమించు. మన ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి, ఇప్పుడు చేయి కూడా వణుకుతోంది. గీతలు వంకర పోతున్నాయి, ఒత్తులు ఉండాల్సిన చోట లేవు. అర్థం కాని చోట ఆగి, అన్న ఏమనాలనుకున్నాడో నువ్వే ఆలోచించుకో. ఫోన్‌లో నీకు వినపడదు. నేను ఒకటి చెబితే నీ కోడలు సగమే నీకు చేరవేస్తుంది. అందుకే కవరు కొన్నాను.

రోజీ పెళ్లి సంగతి రాస్తున్నాను. నా మనవరాలని కాదు గాని, ఆ పిల్లకు అన్నీ కొత్త ఆలోచనలే. ఇరవై తొమ్మిది, శనివారం పొద్దున ఇక్కడి చర్చిలో పెళ్లి. సాయంత్రం ఉప్పల్‌లో రిసెప్షన్. పిల్లగాడు తేజేష్, మౌలాలి వాళ్లు. హాల్లో గుండ్రని బల్లలు ఇరవై వేస్తారట, బల్లకు ఎనిమిది కుర్చీలు. ప్రతి కుర్చీ ముందు ఒక పేరు చీటీ నిలబెడతారు. ఎవరి పేరున్న చోట వాళ్లే కూర్చోవాలి. ప్లేస్ కార్డులంటారట.

నేను వద్దన్నాను. మన దావత్‌లలో తినేవాడి కుర్చీ వెనక ఇంకొకడు నిలబడి వీడెప్పుడు లేస్తాడా అని చూస్తుంటాడు, చీటీ చూసేదెవరు అన్నాను. రోజీ నవ్వింది. "అందుకే తాతా. ఎవ్వలూ ఎవ్వల ఎనక నిలబడద్దు. ముసలోళ్లు గూడ నిమ్మళంగ కూసొని తినాలె" అన్నది. సరే కానీ అన్నాను.

చీటీలు నన్నే చేయమంది. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చెక్క పెట్టెల మీద స్టెన్సిల్ వేసిన చేయి కదా, అదే అక్షరం కావాలట. అక్కడ ఇంగ్లీషు అక్షరాలు కోసిన రేకులుండేవి. తెలుగుకు నేనే పాత ఎక్స్‌రే ఫిల్ముల మీద బ్లేడుతో కోశాను. ఒకటి నా ఛాతీది, ఒకటి ప్రభువులో నిద్రించిన మీ వదిన మోకాలిది. స్టెన్సిల్ పెడితే చేయి వణికినా అక్షరం వణకదు. నూట అరవై చీటీలు. వెనక పెన్సిల్‌తో బల్ల నంబరు వేస్తున్నాను.

మొదటి చీటీ నీ కొడుకుదే చేశాను. క్రిస్టోఫర్. బాప్తిస్మం నాడు ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి చేయి దానంతట అది అటు పోయింది. ఒకటో బల్ల వేశాను, మన కుటుంబం బల్ల. నీకూ అక్కడే, నా పక్కన.

కోడలు, పిల్లలు వస్తారా? ఎన్ని కుర్చీలో చెబితే ఆ పేర్లు కూడా చేస్తాను.

మీ అన్న,
ఎబినేజర్


అన్నోజిగూడ,
8 నవంబర్

అన్నకు,

నీ కవరు అందింది. రోజీకి నా ముద్దులు. పిల్లగాడి ఫొటో కోడలు ఫోన్‌లో చూపించింది, ముఖం మంచిగా ఉంది.

ఇక్కడ మా ఇంటి ముందు రోడ్డు తవ్వి నెలయింది. ప్లాట్ల మట్టి మోసే లారీలు పోతూనే ఉన్నాయి. బట్టలు ఆరేస్తే మళ్లీ ఉతకాలి.

రెండు మాటలు చెబుతాను, కోపం తెచ్చుకోకు. ఒకటి, కవరు మీద మరియమ్మ అని రాయకు. వెంకటనర్సమ్మ అని రాయి, అదే నా ఆధార్ పేరు. పైన వందనాలు కూడా అట్లా రాయనవసరం లేదు. రెండు, క్రిస్టోఫర్ అని చీటీ పెట్టకు. రంజిత్ అని పెట్టు. ఆఫీసులో అందరూ పిలిచేది ఆ పేరే. ఎందుకని అడగకు. కాగితం మీద పెట్టే మాట కాదు.

నాకు కుర్చీ వద్దు. మోకాళ్లు పట్టేశాయి, బస్సు ఎక్కలేను. కోడలు నా దగ్గర ఉంటుంది. వాడొక్కడే వస్తాడు.

నీ చెల్లెలు


నాచారం,
13 నవంబర్

చెల్లెకు,

కవరు మీద నువ్వు చెప్పిన పేరే రాశాను. రాస్తుంటే ఎవరికో రాస్తున్నట్టుంది.

అడగొద్దన్నావు కాబట్టి అడగను. నాకు అర్థమైంది. వాడు ఆఫీసు మనిషి అయ్యాడు, ఇక్కడ మేం గోనె సంచులు మోసినవాళ్లం, పెట్టెలు కొట్టినవాళ్లం. చర్చి పేరు నలుగురిలో కనపడితే తక్కువ. నీ మోకాళ్ల సంగతి కూడా అర్థమైంది. పోయిన నెల ఘట్‌కేసర్ సంతకు నడిచి పోయివచ్చానని నువ్వే రాశావు.

సరే. వాడిని మా మధ్యలో ఎందుకు ఇరికించాలి? పెళ్లికొడుకు వాళ్ల వైపు చదువుకున్న ఉద్యోగస్తులకు ఒక బల్ల ఉంది, నాలుగో నంబరు. క్రిస్టోఫర్ చీటీని అందులో పెట్టమని రోజీకి చెప్పాను. తర్వాత రంజిత్ చీటీ చేశాను. పాతది తీసేద్దామని పోతే, రోజీ అప్పటికే నాలుగో బల్ల చీటీలకు రబ్బరు బ్యాండు వేసి హాలు వాళ్లకు పంపేసింది. కొత్తది చేతిలో పెట్టి, ఇది కూడా నాలుగుకే అన్నాను. ఎవరిది తాతా అంటే, ఉద్యోగస్తుడు అని ఊరుకున్నాను. మీ మామకు తన పేరు నచ్చలేదట అని ఆ పిల్లకు ఎట్లా చెప్పను? వాళ్ల ఈడు పిల్లలకు వాడు క్రిస్టోఫర్ మామే గాని, ఇంకో పేరు తెలియదు. పాతది ఆ రోజు హాల్లో నేనే తీసేస్తాను.

ఆ బల్ల దగ్గర సత్యవేణి అని ఒక మేడం ఉంది. మౌలాలిలో తేజేష్ వాళ్ల పక్కిల్లు. ఆమెది కూడా పెద్ద ఆఫీసట. వాడికి తోడుగా ఉంటుందని పక్క పక్కనే వేశాను.

నాకు కోపం లేదు. ఒకటో బల్లలో నా పక్కన ఒక కుర్చీ మిగిలింది, అంతే.

ఎబినేజర్


అన్నోజిగూడ,
20 నవంబర్

అన్నా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. వద్దనుకున్నా రాయాల్సి వచ్చింది. చదివి చించేయి.

వాడికి సిగ్గు లేదు. భయం ఉంది. పదకొండేళ్ల కింద వాడికి నౌకరీ వచ్చింది ఎస్సీ కులం సర్టిఫికెట్ మీద. ఆ కాగితంలో వాడు రంజిత్, దాని కోసమే నేను వెంకటనర్సమ్మనయ్యాను. క్రైస్తవులకు ఆ సర్టిఫికెట్ చెల్లదు. ఆగస్టులో ఎవరో పేరు లేకుండా వాడి మీద అర్జీ వేశారు. వీళ్లు చర్చి మనుషులు, దొంగ కాగితం పెట్టారు అని. నోటీసు వచ్చింది. డిసెంబర్ పదిహేనున పోయి జవాబు చెప్పాలి.

అర్జీ వేసింది ఎవరో వాడికి తెలియదు. కాని వాడికీ ఇంకొకరికీ ఒకే ప్రమోషన్ దగ్గర పోటీ ఉంది. ఆ ఇంకొకరే సత్యవేణి. వాడి ఆఫీసులోనే, వాడి ఎదురు కుర్చీ. నువ్వు ఆమె పక్కన వాడి పేరు పెట్టావు, అన్నా. రెండు పేర్లూ పెట్టావు.

అర్జీకి ముందు నుంచే, ఈ భయంతోనే, రెండేళ్లుగా మేం క్రిస్మస్‌కు నక్షత్రం కట్టడం లేదు. పాట పాడుకోవాలంటే కిటికీ మూస్తాను. ఇంట్లో కూడా వాణ్ణి రంజిత్ అనే పిలుస్తున్నాను, నోటికి అలవాటు కావాలని. చిన్న మనవడు బడిలో మా నానమ్మ ప్రార్థన చేస్తుంది అన్నాడని వాడు ఆ పిల్లవాణ్ణి కొట్టాడు. కొట్టి వాడే ఏడ్చాడు.

నా మోకాళ్లు బాగానే ఉన్నాయి. నేను వస్తే ఎవరో ఒకరు మరియమ్మా అని పిలుస్తారు. నేను పలుకుతాను. అరవై ఎనిమిదేళ్లు పలికిన పేరు, పలకకుండా ఎట్లా ఉంటాను?

వాణ్ణి రావద్దన్నాను. రోజీ పుట్టినప్పుడు ఎత్తుకున్నాను, పోకుండా ఉండలేనన్నాడు. ఆ చీటీ తీసేయి. వీలైతే బల్ల కూడా మార్చు. ఎవరికీ ఏమీ చెప్పకు, రోజీకి కూడా. నీ కాళ్లు పట్టుకుంటాను.

చెల్లె


నాచారం,
25 నవంబర్

చెల్లెకు,

అందింది. చించేశాను.

తెలియక నీ మీద ఆ మాటలు రాశాను. నా వయసుకు తగని పని.

వాణ్ణి బడిలో వేసిన రోజు గుర్తొచ్చింది. మీ ఆయన ఊళ్లో లేడు, నేనే చేయి పట్టుకొని తీసుకుపోయాను. క్రిస్టోఫర్ అంటే సారు కలం ఆపాడు. "ఆ పేరు రాస్తే రేపు స్కాలర్‌షిప్ రాదు, ఇంకోటి చెప్పు" అన్నాడు. నాకేం తోచలేదు. బడి ఎదురుగా రంజిత్ సైకిల్ షాపు అని బోర్డు ఉంది. అదే చదివాను. మీ ఆయన ఇంటి పేరు అడిగాడు, చెప్పాను. ఒక్క నిమిషం పని. పలక, బలపం ఇప్పించి ఇంటికి వచ్చాం. రెండు పేర్లూ నేను పెట్టినవే.

బల్ల మార్చమని రోజీని అడిగాను. "తాతా, నువ్వే గాడ ఎయ్యమంటివి. చార్టు ప్రింటయింది, ఇగ మార్చకు" అన్నది. ఎందుకో చెప్పొద్దన్నావు, ఇంకేమని అడగను?

శనివారం నాలుగు గంటలకే హాలుకు పోయి చీటీ తీసి జేబులో వేసుకుంటాను. ఫికర్ చేయకు.

ఎబినేజర్


అన్నోజిగూడ,
3 డిసెంబర్

ఎబినేజర్ గారికి,

జేబులో వేసుకుంటానన్నావు. నువ్వు చేసిన పని నాకు తెలిసింది. ఐదో బల్ల దగ్గర ఉన్న మనవాళ్లెవరో కోడలికి ఫోన్ చేశారు. చీటీ బల్ల మీదే ఉందట. నువ్వు నీ చోటు వదిలిపెట్టి పోయి ఆ మేడం ముందు కూర్చున్నావట. క్రిస్టోఫర్ అన్న మాట అక్కడే, నీ ముందే బయటపడిందట. ఐదో బల్ల దాకా వినపడిందట.

వాడు ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. అడిగితే ఏమీ లేదమ్మా అంటాడు. సోమవారం ఆఫీసుకు పోయాడు, వచ్చాడు. అద్దం ముందు గడ్డం సగం గీసుకొని నిలబడి ఉంటాడు.

మామ పెట్టిన పేరు మామే తీసుకుపోయి వాళ్ల చేతిలో పెట్టాడు. నీ చర్చి సంఘంలో నువ్వు పెద్దవు, అబద్ధం ఆడవు, నాకు తెలుసు. ఆ ఒక్క పూట నోరు మూసుకొని నీ కుర్చీలో కూర్చుంటే ఏం పోయేది నీకు? ఇద్దరు పిల్లలున్న ఇల్లు అన్నా ఇది.

జవాబు రాయకపోయినా ఫర్వాలేదు.

వెంకటనర్సమ్మ


నాచారం,
6 డిసెంబర్ 2025

చెల్లెకు,

జవాబు వద్దన్నా రాస్తున్నాను. నా చేతిరాత ఈసారి ఇంకా ఘోరంగా ఉంటుంది. ఇంత పొడుగు ఉత్తరం నా జన్మలో రాయలేదు. తప్పులుంటే ఉండనీ, మొత్తం చదువు.

నాలుగు గంటలకు నేను హాలులో లేను. చర్చి దగ్గర ఫొటోలు తీసేవాడు నన్ను పట్టుకున్నాడు. తాతగారు ఇటు, తాతగారు అటు, పిల్ల తల మీద చేయి పెట్టండి, ఇంకొకటి. పోవాలయ్యా అని మూడుసార్లు నోటిదాకా వచ్చింది, మాట బయటికి రాలేదు. నా సంగతి నీకు తెలుసు. ఆ తర్వాత ఉప్పల్ చౌరస్తా దగ్గర ఆటో అరగంట ఆగిపోయింది. దిగి మెట్రో స్తంభాల వెంబడి నడిచాను. హాలు చేరేసరికి ఏడు దాటింది.

నాలుగో బల్ల నిండింది. సత్యవేణి మేడం ముందే వచ్చి కూర్చుంది. ఆమె పక్కన రంజిత్ చీటీ, అక్కడ వాడు. వాడికి అటు పక్కన క్రిస్టోఫర్ చీటీ, అక్కడ ఎవరూ లేరు. ఉన్న ఖాళీ కుర్చీ ఆ బల్లకు అదొక్కటే. అక్షరాలు బాగున్నాయని ఆమె ఆ చీటీలన్నిటికీ ఫోన్‌లో ఫొటో తీసుకుందట, తర్వాత వాడు చెప్పాడు. అది తీశాక వాడు ఆ చీటీని ఎట్లా దాస్తాడు? దాని వైపు చూడకుండా కూర్చున్నాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకొని ఉంది.

నేను స్తంభం దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆమె వాణ్ణి అడుగుతోంది, ఈ క్రిస్టోఫర్ ఎవరు, ఇంకా రాలేదు, మీకు తెలిసినవాళ్లా అని. వాడు నీళ్లు తాగాడు. మళ్లీ తాగాడు. వడ్డించే అతను వచ్చి ఈ ప్లేటు తీసేయమంటారా అంటే, ఉండనీ వస్తాడేమో చూద్దాం అన్నది ఆమె.

నాకు ఏం చేయాలో తోచలేదు. చీటీ తీయడానికి వీలు లేదు. ఆ పేరుకు ఒక మనిషి కావాలి. పోయి ఆ కుర్చీలో నేను కూర్చున్నాను.

"మీరేనా క్రిస్టోఫర్ గారు?" అన్నది. తల ఊపాను. నోటితో అనలేదు గాని అబద్ధం అబద్ధమే.

ఆమె చెడ్డగా మాట్లాడలేదు. గారు అనే పిలిచింది. నా ప్లేటులో కూర తానే వేసింది. కాని అడుగుతూనే ఉంది. ఈయన మీకేమవుతాడు అన్నది. మేనల్లుడన్నాను. మీరు చర్చికి పోతారా అన్నది. పోతానన్నాను. ఆ రెండూ నిజాలే. చెప్పిన తర్వాత గాని తెలియలేదు అవి నన్ను ఎటు తీసుకుపోతున్నాయో. "మరి ఈయన పోడా?" అన్నది. నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ముద్ద ఉన్నంతసేపు జవాబు చెప్పనక్కర్లేదు కదా అని. నమిలాను, నమిలాను. ఎంతసేపని నములుతాను?

అప్పుడే రోజీ వచ్చింది, పెళ్లి బట్టల్లోనే, ఆ పొడుగు గౌను చేత్తో ఎత్తి పట్టుకొని.

"తాతా, ఈడ కూసున్నవేంది? నా పక్కన నీ పేరు పెట్టుకొని గంట సేపటి సంది సూస్తున్న. ఎబినేజర్ తాత రానిది కేకు కొయ్యనన్న" అన్నది.

ఆ బల్ల దగ్గర అందరూ తినడం ఆపారు. సత్యవేణి మేడం నా ముందున్న చీటీ చూసింది, నన్ను చూసింది. రోజీ కూడా చీటీ చూసింది. క్రిస్టోఫర్ మామ అక్కడే ఉన్నాడు, చీటీ నా ముందు ఉంది. ఏదో అనబోయి మా ముఖాలు చూసి ఆగిపోయింది. బంగారు పిల్ల. రోజీ ఆ పేరులో ఒక్క అక్షరం పలకలేదు, ఎవరేం చెప్పినా నమ్మకు.

"మరి క్రిస్టోఫర్ ఎవలు? పెద్దాయనా, మీరే చెప్పుండ్రి" అన్నది మేడం.

చెల్లె, నేను చెప్పబోయాను. నా తమ్ముడు, దూరం ఊళ్లో ఉంటాడు, రాలేకపోయాడు అని. మాట అల్లి పెట్టుకున్నాను. యాభై ఏళ్లుగా సంఘంలో పెద్దగా నిలబడిన నోటితో, నీ కోసం, వాడి కోసం, ఆ అబద్ధం చెప్పడానికి ప్లేటు పక్కకు జరిపాను. ఇది నేను దేవుని ముందు రాస్తున్నాను.

నేను నోరు తెరిచేలోగా వాడు నా మోచేయి పట్టుకున్నాడు.

"ఆయనను అడుగకుండ్రి మేడం. క్రిస్టోఫర్ నేనే. రంజిత్ గూడ నేనే. నా కోసం ఆయన గీడ కూసున్నడు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "లే మామా, బిడ్డ నిలబడ్డది" అన్నాడు.

గట్టిగా ఏమీ అనలేదు. కాని అప్పటికి చుట్టుపక్కల అంత నిశ్శబ్దమైపోయింది, అందుకే ఐదో బల్ల దాకా పోయి ఉంటుంది.

మేడం చేయి తుడుచుకుంది. "పదిహేనో తారీఖున గిదే చెప్తవా రంజిత్?" అన్నది. చెప్త మేడం అన్నాడు వాడు. అర్జీ వేసింది ఆమేనా కాదా అన్నది ఆమె ముఖంలో నాకు కనపడలేదు. నేను చదవగలిగిన ముఖం కాదు. స్వీటు తినకుండా లేచిపోయింది, పోతూ రోజీకి కవరు ఇచ్చి నవ్వింది.

నేను పోయి రోజీ పక్కన కూర్చున్నాను. కేకు కోశారు. ఏ రుచీ తెలియలేదు.

నిన్న సాయంత్రం వాడు ఆఫీసు నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. అమ్మకు చెప్పలేక నీ దగ్గరికి వచ్చిన అన్నాడు. నేనే తప్పు చేశానురా, ఆ పాత చీటీ ఆనాడే అడిగి తీసుకొని ఉంటే అయిపోయేది అన్నాను. "నీ తప్పేం లేదు మామా. నా కోసం నీ నోట అబద్ధం రాబోతుంటే సూసిన. ఇంట్ల నిజం చెప్పిన పోరగాన్ని నేను కొట్టిందీ గా అబద్ధం కోసమే గదా అనిపించింది. నాకిగ చాత కాదు" అన్నాడు.

వకీలును కలిశాడట. నిజం చెబితే నౌకరీ పోవచ్చు, ఇన్నాళ్ల జీతం కూడా తిరిగి కట్టమనవచ్చు అన్నాడట వకీలు. అయినా చెబుతానంటున్నాడు. నేను చెప్పమనలేదు, వద్దనీ అనలేదు. నాకు అంత తెలివి లేదు. నీ కోడలికి మొన్ననే చెప్పాడట, నీకు తెలియనీయవద్దని ఒట్టు పెట్టించుకున్నాడట. ఆమె మీద కోపం చేయకు.

ఇప్పుడు అసలు మాట. వాడు నీకు చెప్పలేక నన్ను రాయమన్నది ఇది. పదిహేనున వాణ్ణొక్కణ్ణే పిలవలేదు. తల్లిని కూడా తీసుకురమ్మని నోటీసులో ఉంది. వాడు ఆ కాగితం రెండో పేజీ నీకు చూపించలేదు. నిన్ను కూర్చోబెట్టి మీ పేరేమిటి, మీరు ఏ దేవుణ్ణి మొక్కుతారు అని అడుగుతారు. వాడు ఏం చెప్పాలో వాడు తేల్చుకున్నాడు. నువ్వు ఏం చెప్పాలో వాడు చెప్పడు. నేను కూడా చెప్పను. నువ్వు వెంకటనర్సమ్మ అని చెబితే వాడి మాట ఒకటి, నీ మాట ఒకటి అవుతుంది. అయినా ఫర్వాలేదు, అమ్మను బలవంతం చేయను అన్నాడు.

నువ్వు ఏది చెప్పినా ఆ రోజు నేను వస్తాను. వాళ్లు లోపలికి రానిస్తే నీ పక్కన కూర్చుంటాను, లేకపోతే బయట కూర్చుంటాను.

వాడు వకీలు దగ్గరికి శుక్రవారం మళ్లీ పోవాలి, నువ్వు ఏం చెబుతావో ఆయనకు ముందే తెలియాలట. నీ జవాబు గురువారం లోపల నాకు అందాలి. ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను, నువ్వూ అట్లాగే వేయి. ఇది అందిన పూటే రాయి చెల్లె. రెండు ముక్కలైనా సరే, వెంటనే రాయి.

మీ అన్న,
ఎబినేజర్